తాగుబోతు వేషం, మానేసినవాడి కథ



'ఫ్రెండ్స్' అనే అమెరికన్ హాస్య ధారావాహిక పేరు మీలో చాలామంది వినే ఉంటారు. మీరు చూడకపోయినా, మీ ఇంట్లో కాలేజీకెళ్ళే పిల్లలు చూసే ఉంటారు. 1996 జనవరిలో వచ్చిన ఒక ఎపిసోడ్‌లో ఫన్ బాబీ అని ఓ కుర్రాడుంటాడు. మిత్రబృందంలోని మోనికాతో తిరుగుతుంటాడు. పేరుకు తగ్గట్టు ఎక్కడుంటే అక్కడ సందడి. ఓ రోజు మిత్రులంతా కూర్చుని ఎవరెంత తాగారో లెక్కలేసుకుంటే, సీసాల్లో సింహభాగం బాబీ ఒక్కడే ఖాళీ చేశాడని తేలుతుంది. మోనికా నచ్చజెప్పి మందు మాన్పిస్తుంది. మానెయ్యగానే మనిషి చప్పబడిపోతాడు. వాడు నోరు విప్పితే అందరికీ ఆవలింతలు. వాడి కబుర్లు భరించలేక మోనికా తాగడం మొదలుపెడుతుంది. చివరికి, తాగుడు సమస్య ఉన్న మనిషితో నా వల్ల కాదని బాబీయే వెళ్ళిపోతాడు.

జోకు గట్టిదే. స్టూడియోలో కూర్చున్న ప్రేక్షకులు పడీపడీ నవ్వారు. మరి ఆ సెట్టు మీదే చాండ్లర్ అనే మరో మిత్రుడి వేషం కట్టిన మాథ్యూ పెర్రీ సంగతి? పద్నాలుగో ఏటి నుంచే తాగానని ఆయనే తర్వాత రాశాడు. ఒక సినిమా షూటింగు నాటి ప్రమాదం తర్వాత నొప్పి మాత్రలు అలవాటయ్యాయి. ఒక దశలో రోజుకు యాభై అయిదు మాత్రలు. పది సీజన్లలో తొమ్మిదో సీజన్ ఒక్కటే ఏ మత్తూ లేకుండా పూర్తి చేశానని 2022లో వచ్చిన ఆత్మకథలో ఒప్పుకున్నాడు. తెర మీద తన ఒళ్ళు చూసి అప్పట్లో ఏం వాడుతున్నానో చెప్పేయవచ్చని కూడా రాశాడు: లావుగా ఉంటే మందు, బక్కగా ఉంటే మాత్రలు. 2023 అక్టోబరు 28న పోయాడు. కెటమిన్ కారణమని శవపరీక్షలో తేలింది.

ఆ ఎపిసోడ్ రాసినవాళ్ళను తప్పుపట్టడానికి ఇదంతా చెప్పడం లేదు. తాగితే సరదా, మానేస్తే బోరు అనే సూత్రం వాళ్ళు కనిపెట్టింది కాదు. టెలివిజన్ పుట్టినప్పటి నుంచీ అదే నడుస్తోంది. 1952లో 'ఐ లవ్ లూసీ'లో లూసీ ఒక బలం మందు ప్రకటనలో నటిస్తుంది. ఆ సీసాలో 23 శాతం ఆల్కహాలని పాపం ఆవిడకు తెలియదు. ఒక్కో రిహార్సల్‌కీ ఒక్కో చెంచా, నాలుక తిరగడం మానేస్తుంది. ఇప్పుడు చూసినా నవ్వొస్తుంది, అందులో దాపరికమెందుకు?

ఆ తర్వాత 1960లో 'ఆండీ గ్రిఫిత్ షో' మొదలైంది. మేబెరీ అనే చిన్న ఊరు, ఆ ఊరి షెరీఫు, ఊరి తాగుబోతు ఓటిస్. ఇతని పద్ధతి చూడండి. వారాంతంలో పూటుగా తాగి తూలుకుంటూ పోలీస్ స్టేషన్‌కి తనే వస్తాడు. చేతికందేలా గోడకు తగిలించిన తాళంచెవి తీసుకుని, సెల్లు తలుపు తనే తీసుకుని, లోపలికెళ్ళి పడుకుంటాడు. మత్తు దిగాక తలుపు తీసుకుని తనే ఇంటికి పోతాడు. అరెస్టూ లేదు, వైద్యమూ లేదు, సిగ్గూ లేదు. ఎనిమిదేళ్ళు నడిచిన ఆ ధారావాహికలో ఓటిస్ భార్య ఆ రాత్రుళ్ళు ఎలా గడిపిందో అడగాలని ఎవరికీ తోచలేదు. అయితే ఒక చిన్న న్యాయం జరిగింది. 1986లో పాత బృందంలో చాలామంది కలిసి చేసిన టీవీ సినిమాలో ఓటిస్ మందు మానేసి ఐస్‌క్రీం బండి నడుపుకుంటూ కనిపిస్తాడు. ఆ నడుమ ఏళ్ళలో ఏం జరిగింది, ఎలా మానాడు అన్నది మాత్రం మనకు చూపించలేదు. అసలు కథంతా అందులోనే ఉంది.

ఈ విషయంలో మనం మాత్రం తక్కువ తిన్నామా? కన్యాశుల్కంలో సారా దుకాణం సీను చదివి నవ్వని తెలుగువాడు ఉండడు. సినిమాల్లోకి వస్తే మనకు రెండే రెండు తాగుబోతు వేషాలు. ఒకటి 1953 నాటి దేవదాసు: తాగి, దగ్గి, పార్వతి గుమ్మం దగ్గర ప్రాణం వదిలేవాడు. రెండోది ఎమ్మెస్ నారాయణ గారు పండించిన వేషం: తూలుతూ వచ్చి, ఒక్క విరుపుతో హాలంతా నవ్వించి పోయేవాడు. ఆయన్ను కమెడియన్‌గా నిలబెట్టిన 'మా నాన్నకు పెళ్లి' వచ్చింది 1997లో. ఆంధ్రప్రదేశ్‌లో మద్యనిషేధం ఎత్తేసిందీ ఆ ఏడాదే. కాకతాళీయమే అనుకోండి. చనిపోయే దేవదాసుకీ నవ్వించే మందుబాబుకీ మధ్య మూడో మనిషి ఒకడున్నాడు. మందు మానేసి, పొద్దున్నే లేచి డ్యూటీకెళ్ళి, సాయంత్రం వైన్ షాపు ముందు నుంచి తల తిప్పుకుని ఇంటికొచ్చేవాడు. అతనికి మన తెర మీద వేషం లేదు.

అమెరికా టీవీలో అతనికి వేషం దొరికింది 1982లో. 'ఛీర్స్' ధారావాహిక కథానాయకుడు శామ్ మలోన్ బోస్టన్ నగరపు బేస్‌బాల్ జట్టులో ఆడినవాడు, తాగుడు వల్ల ఆట పోగొట్టుకున్నవాడు. మానేశాడు. మానేసి ఏం చేశాడు? బారు నడిపాడు. తను చుక్క ముట్టడు, ఊరందరికీ పోస్తాడు. పదకొండు సీజన్లు, 275 ఎపిసోడ్లు ఆ కౌంటరు చుట్టూనే తిరిగాయి.

మొదటి సీజన్‌లోనే ఒక ఎపిసోడ్ ఉంది. శామ్ దగ్గర ఓ సీసా మూత ఉంటుంది. ఆఖరిసారి తాగిన బీరు సీసా మూత. దాన్ని రక్షరేకులా దగ్గర పెట్టుకుంటాడు. ఫామ్ కోల్పోయి బాధపడుతున్న ఓ ఆటగాడికి అదృష్టం కలిసొస్తుందని దాన్ని అరువిస్తాడు. అతని ఆట బాగుపడుతుంది, మూత పోతుంది. బారు కట్టేసే వేళకు శామ్, అక్కడ పనిచేసే డయాన్ ఇద్దరే మిగులుతారు. శామ్ ఓ గ్లాసులోకి బీరు వంపుతాడు. అంతవరకు గలగలా నవ్విన ప్రేక్షకుల్లో చప్పుడు లేదు. గ్లాసు వైపు చూస్తాడు. ఉన్నట్టుండి దాన్ని కౌంటరు మీద దూరంగా జారవిడుస్తాడు. అంతే. ఉపన్యాసం లేదు, కన్నీళ్ళు లేవు. మానేసినవాడికి ప్రతి రాత్రీ ఒక పరీక్షేనని అంత క్లుప్తంగా చెప్పిన సీను టీవీ కామెడీలో నేను మరొకటి చూడలేదు.

మూడో సీజన్ మొదట్లో, డయాన్‌తో తెగతెంపులయ్యాక, శామ్ మళ్ళీ తాగుతాడు. అతనికి సాయం చెయ్యమని డయాన్ ఒక మనస్తత్వ వైద్యుణ్ణి తీసుకొస్తుంది. ఆ వైద్యుడే ఫ్రేజర్ క్రేన్. శామ్ తాగుడు పుణ్యమా అని పుట్టిన ఆ పాత్ర తర్వాత ఇరవై ఏళ్ళు టీవీలో వెలిగింది. ఆ వేషం వేసిన కెల్సీ గ్రామర్ కూడా 1996లో కారు ప్రమాదం తర్వాత వ్యసన చికిత్సకు చేరవలసి వచ్చింది.

'ఛీర్స్' నాకు ఇష్టమే. కానీ దాని గుట్టు కూడా చెప్పాలి. అదే బారులో నార్మ్ అని లావుపాటి అకౌంటెంటు ఉంటాడు. అతను లోపలికి అడుగుపెడితే బారంతా ఒక్క గొంతుతో పేరు పెట్టి పిలుస్తుంది. రాత్రంతా ఆ స్టూలు మీదే. ఇంటి దగ్గర భార్య ఉంటుంది. ఆవిడ ముఖం మనకెన్నడూ సరిగా చూపించరు, ఆవిడ మీద జోకులు మాత్రం వినిపిస్తారు. బారు బాకీ కొండలా పెరుగుతుంటుంది. రోగి అని ముద్రపడింది చుక్క ముట్టని శామ్‌కి. ప్రతి రాత్రీ తాగే నార్మ్ మాత్రం అందరికీ ఆప్తుడు. పదకొండేళ్ళలో ఈ విడ్డూరాన్ని ఆ రచయితలు పట్టించుకోలేదు, పట్టించుకుంటే బారు మూసెయ్యాల్సి వస్తుంది కాబట్టి.

ఆ బారుకూ వాటా ఉన్న ఒక మంచి పని మాత్రం జరిగింది. 1988లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం ప్రజారోగ్య విభాగానికి చెందిన జే విన్‌స్టెన్ అనే ఆయన హాలీవుడ్‌కి వెళ్ళి రచయితల్ని కలిశాడు. ప్రత్యేకంగా ఎపిసోడ్లు రాయమని అడగలేదు. మిత్రబృందంలో ఒకరు ఆ రాత్రి తాగకుండా ఉండి, మిగతావాళ్ళను కారులో ఇళ్ళకు చేర్చాలనే మాటను కథలో ఎక్కడో ఒకచోట దొర్లించండి, చాలన్నాడు. నాలుగు సీజన్లలో నూట అరవైకి పైగా కార్యక్రమాల్లో ఆ మాట దొర్లింది, 'ఛీర్స్'తో సహా. ప్రభుత్వ ప్రకటనల్లో వస్తే ఛానల్ మార్చేసే జనం, నచ్చిన పాత్ర నోట వస్తే విన్నారు.

1988లోనే 'మర్ఫీ బ్రౌన్' వచ్చింది. పేరున్న మహిళా విలేకరి వ్యసన చికిత్సా కేంద్రంలో నెల్లాళ్ళుండి తిరిగి ఆఫీసులో అడుగుపెట్టడంతో మొదటి ఎపిసోడ్ మొదలవుతుంది. ఆ కేంద్రం పేరు బెట్టీ ఫోర్డ్ సెంటర్. మాజీ అధ్యక్షుడి భార్య తాను స్వయంగా చికిత్స పొంది, 1982లో నెలకొల్పిన సంస్థ అది.

ఇక 1993లో జాన్ లారోకెట్ అనే నటుడు తన పేరుతోనే ఒక ధారావాహిక చేశాడు. నిజ జీవితంలో ఆయన మందు మానేసినవాడే. కథలో సెయింట్ లూయిస్ ఊళ్ళో ఒక బస్ స్టేషన్‌కి రాత్రిపూట మేనేజరు. ఇది చీకటి ప్రయాణం అని రాసివున్న పాత బోర్డు ఒకటి ఆఫీసులో గోడకు తగిలించుకుంటాడు. మొదటి సీజన్‌లో ఆ చీకటి నిజంగానే ఉంది: నిద్ర పట్టకపోవడం, దూరమైన పిల్లలు, మాటిమాటికీ గుర్తొచ్చే గ్లాసు. ఛానల్ వాళ్ళకు కంగారు పుట్టింది. రెండో సీజన్‌కల్లా ఆయన్ను రాత్రి డ్యూటీ నుంచి పగటి డ్యూటీకి మార్చారు. సెట్టులో లైట్లు పెరిగాయి. మూడేళ్ళకు షో ఆగిపోయింది.

ఇప్పుడు చక్ లోరీ దగ్గరికి వద్దాం. అమెరికన్ హాస్య ధారావాహికల నిర్మాణంలో ఈయనది అందెవేసిన చెయ్యి. ఈయన కూడా మానేసినవాడే, దాచుకోడు. 1993లో 'గ్రేస్ అండర్ ఫైర్' సృష్టించాడు: తాగుడు మానేసి, కొట్టే మొగుణ్ణి వదిలేసి, పిల్లల్ని పెంచుకునే ఆడమనిషి కథ. కథానాయిక వేషం వేసిన నటి నొప్పి మాత్రలకు బానిసై, 1998లో ఆ షో అర్ధాంతరంగా ఆగింది. 2003లో ఇదే లోరీ 'టూ అండ్ ఎ హాఫ్ మెన్' తీశాడు. అందులో చార్లీ ఎప్పుడూ తాగుతూనే ఉంటాడు, ఏ ముప్పూ రాదు, బోలెడంత డబ్బు, సముద్రం ఒడ్డున ఇల్లు. ఆ వేషం వేసిన చార్లీ షీన్ 2011 నాటికి ఏ స్థితికొచ్చాడో ప్రపంచమంతా చూసింది. మార్చిలో అతన్ని తీసేశారు, కథలో పాత్రను రైలు కింద పడేసి చంపేశారు. తాగుడు వల్ల పాత్రకు రాని ముప్పు నటుడికి వచ్చింది.

రెండేళ్ళకు, 2013 సెప్టెంబరులో, లోరీ మరో ఇద్దరు రచయితలతో కలిసి 'మామ్' మొదలుపెట్టాడు. నాపా లోయలో, అంటే ద్రాక్షసారాయికి పెట్టింది పేరైన చోట, ఓ ఖరీదైన రెస్టారెంటులో వడ్డించే క్రిస్టీ. ఆమె తల్లి బానీ. ఇద్దరూ తాగినవాళ్ళే, ఇద్దరూ మానేసినవాళ్ళే. తాగిన రోజుల్లో తల్లి కూతుర్ని పట్టించుకోలేదు. ఆ కూతురు తల్లయ్యాక అదే పని చేసింది. ఇక మనవరాలి వంతు. ఈ మూడు తరాల బాకీల మీదే హాస్యమంతా.

వీళ్ళు వెళ్ళే సమావేశాలు ఆల్కహాలిక్స్ అనానిమస్ వాళ్ళవి. 1935లో ఒహాయో రాష్ట్రంలోని ఆక్రన్‌లో బిల్ అనే షేర్ల వ్యాపారి, బాబ్ అనే సర్జను కలిసి మొదలుపెట్టిన సంఘం ఇది. ఫీజు లేదు, ఇంటిపేరు చెప్పనక్కర్లేదు. లేచి పేరు చెప్పి, నేను తాగుబోతునని చెబుతారు, అందరూ పలకరిస్తారు. ముందుగా మానేసిన ఒకరు కొత్తగా వచ్చినవాళ్ళకు పెద్దదిక్కుగా ఉంటారు, వాళ్ళను స్పాన్సరంటారు. అర్ధరాత్రి చెయ్యి గ్లాసు మీదకు పోతుంటే ఫోను చెయ్యాల్సింది ఆ మనిషికే. ఇన్నాళ్ళు మానేశానని గుర్తుగా బిళ్ళలు ఇస్తారు. ఈ గదుల్లో వినిపించే కథలు బయటివాళ్ళకు భయం పుట్టిస్తాయి, లోపలివాళ్ళకు నవ్వు తెప్పిస్తాయి. నిజంగా నవ్వుకుంటారు. తన పిల్ల స్కూలు ఫంక్షన్‌కి తాగి వెళ్ళి వేదిక ఎక్కిన సంగతి ఒకరు చెబుతుంటే, పక్కవాళ్ళు నవ్వేది హేళనకు కాదు, తామూ అలాంటి పని చేసి ఉండబట్టి. 'మామ్' చేసిందల్లా ఈ నవ్వును స్టూడియోలోకి తీసుకురావడమే.

రచయితలు జాలి చూపలేదు, అదే మంచిదైంది. వెన్ను నొప్పికని డాక్టరు రాసిన మాత్రలతో బానీ జారిపోతుంది. ఏళ్ళ తరబడి కూడబెట్టుకున్న నిగ్రహం పోతుంది. మందుల చీటీ నుంచి మొదలై ఎలా జారతారో ఆ ఎపిసోడ్లు చెప్పినంత బాగా నేను చదివిన ఏ కరపత్రమూ చెప్పలేదు. క్రిస్టీ మందు మానినా పేకాట, జూదం వైపు లాగుతుంటుంది. మూడో సీజన్‌లో జోడీ అని ఓ టీనేజి అమ్మాయిని చేరదీస్తారు. పిల్ల చలాకీగా ఉంటుంది, మీకూ నచ్చుతుంది. ఒక రోజు డోసు ఎక్కువై చనిపోయిందని కబురొస్తుంది. హాస్య ధారావాహికలో, నవ్వులకు అలవాటుపడ్డ ప్రేక్షకుల ముందు, ఆ పిల్ల చచ్చిపోయింది. మళ్ళీ రాదు. అది 2016. ఆ ఏప్రిల్‌లోనే బానీ వేషం వేసిన ఆలిసన్ జానీ వైట్ హౌస్ విలేకరుల గదిలో నిలబడి నొప్పి మాత్రల వ్యసనం గురించి మాట్లాడింది. 'మామ్' 2021 మేలో, 170 ఎపిసోడ్లకు ముగిసింది. ఆ ఒక్క ఏడాదిలో మత్తుమందుల డోసు ఎక్కువై అమెరికాలో చనిపోయినవాళ్ళు లక్ష దాటారు.

నేను చెప్పదలచుకున్నది ఇక్కడుంది. వ్యసనం గురించి గంభీరమైన సినిమాలు బోలెడు. కానీ సినిమా రెండు గంటల్లో అయిపోవాలి. అందుకే చావుతోనో, మొదటిసారి మానెయ్యడంతోనో శుభం కార్డు పడుతుంది. మానేసిన ఆరో ఏడు ఎలా ఉంటుంది? కరెంటు బిల్లు, మోకాళ్ళ నొప్పి, తాగినప్పుడు చేసిన అప్పు, ఇంకా నమ్మని కొడుకు. ఆ రోజులు చూపించాలంటే వారం వారం వచ్చే ధారావాహికే కావాలి. అందులోనూ ఏడుపు ధారావాహికైతే చూసేవాళ్ళు నాలుగో వారానికే పారిపోతారు. తేలికని మనం చిన్నచూపు చూసే కామెడీకే ఈ పని చేతనైంది. రాసినవాళ్ళలోనూ నటించినవాళ్ళలోనూ కొందరు మానేసినవాళ్ళే కావడం అసలు కారణం.

'వన్ డే ఎట్ ఎ టైమ్' సంగతి కూడా చెప్పి ముందుకెళతాను. 1975లో మొదలైన ఆ పాత ధారావాహికలో పెద్ద కూతురు వేషం వేసిన మెకెంజీ ఫిలిప్స్‌ను 1980లో మత్తుమందుల అలవాటు కారణంగా తీసేశారు. నెట్‌ఫ్లిక్స్ 2017లో అదే పేరుతో కొత్తది తీసినప్పుడు ఆమెనే మళ్ళీ పిలిచారు, కౌన్సెలరు వేషానికి. అప్పటికి ఆమె నిజ జీవితంలోనూ వ్యసనపరులకు కౌన్సెలరే.

లోపాలు లేవని కాదు. ఈ ధారావాహికలన్నీ చూస్తే, సమావేశాలు తప్ప మానడానికి మరో దారి లేదనిపిస్తుంది. తాగాలనే కోరికను తగ్గించే మందులున్నాయి, ఆస్పత్రుల్లో చికిత్స ఉంది. తాగుడు ముదిరినవాళ్ళు ఒక్కసారిగా ఆపేస్తే మూర్ఛలొచ్చి ప్రాణం మీదికి రావచ్చు, డాక్టరు కావాలి. ఇవి కామెడీలో దాదాపు కనిపించవు. మాత్ర వేసుకోవడంలో జోకు లేదనుకున్నారేమో.

మన దగ్గర సంగతి. ఎయిమ్స్ ఆధ్వర్యంలో జరిగి 2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారం, మద్యం వల్ల హాని పొందుతూనో దానికి బానిసలయ్యో సాయం అవసరమైనవాళ్ళు దేశంలో 5.7 కోట్ల పైచిలుకు. బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందింది. మన టీవీ స్కిట్లలో మాత్రం వారం వారం తాగుబోతు మొగుడు తూలుతూ వస్తాడు, పెళ్ళాం చీపురు అందుకుంటుంది, జడ్జీలు నవ్వుతారు. తాగుబోతు మీద జోకులు వద్దనడం లేదు. ఎమ్మెస్ నారాయణ గారి సీన్లు వస్తే నేనూ ఛానల్ మార్చను. స్కిట్లు, వెబ్ సిరీస్‌లు రాసే తెలుగు మిత్రులను కోరేది ఒక్కటే: మానేసినవాణ్ణి కూడా ఒకణ్ణి రాయండి. పెళ్ళి భోజనాల దగ్గర బావమరుదులు ఒక్క పెగ్గంటూ చుట్టుముడితే తప్పించుకోవడానికి అతను పడే తిప్పల్లో ఎంత హాస్యముందో అతన్నే అడగండి, చెబుతాడు.

ఈ మాటలు వింటున్నవాళ్ళలో మానెయ్యాలనుకుంటున్నవాళ్ళు ఉంటే, లేదా ఇంట్లో అలాంటి మనిషి ఉంటే, కేంద్ర ప్రభుత్వ సహాయ కేంద్రం నంబరు రాసుకోండి: ఒకటి నాలుగు నాలుగు నాలుగు ఆరు. 14446. ఫోనుకు డబ్బులు పడవు.